గేటు దాటని తోడుకాలు

“కూర్చోండి అత్తయ్యా, మళ్లీ ఎందుకు లేచారు?”

“నేనెక్కడ లేచానమ్మా? ఇది లేచింది.”

“దానంతట అది లేవదు. మావయ్య దగ్గారు, మీరు లేచారు.”

“దగ్గాను,” అన్నాడు పేర్రాజు కంచంలోంచి తలెత్తకుండా. “సొంతింట్లో దగ్గడానికి కూడా కోడలి దగ్గర పర్మిషన్ తీసుకోవాలేంటి?”

“అది దగ్గు కాదు మావయ్యా. మజ్జిగ తెమ్మని.”

“నేను మజ్జిగ అన్నానా? ఒరేయ్ దొరబాబూ, నువ్వు చెప్పు. మజ్జిగ అన్న మాట నా నోట్లోంచి వచ్చిందా?”

దొరబాబు పప్పన్నంలో ఆవకాయ నంజుకుంటూ, “వదిలెయ్ ప్రసూనా, రోజూ ఈ గొడవేంటి? లేవనే లేచింది. అమ్మా, ఎలాగూ వెళ్తున్నావుగా, ఉప్పు కూడా పట్రా,” అన్నాడు.

అప్పటికే మాణిక్యాంబ వంటింటి గడప దాటేసింది. ఎడమ తొడ నుంచి మడమ దాకా చుట్టుకున్న బూడిదరంగు పట్టీ, కుచ్చెళ్ల కింద దోమ పాడినట్టు సన్నగా రొద చేస్తోంది. ఒక చేత్తో మజ్జిగ గిన్నె, ఇంకో చేత్తో ఉప్పు జాడీ పట్టుకుని తిరిగివచ్చింది. రెండేళ్ల వయసులో జ్వరం తగిలి చచ్చుబడిన కాలది. అరవై ఏళ్లకు పైగా ఎడమ మోకాలి మీద అరచెయ్యి మోపి, అడుగుకొకసారి వంగి లేస్తూ నడిచింది. చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని నడవడం అంటే ఏమిటో ఈమధ్యే తెలిసింది. ఖాళీ అయిన ఆ చేతిలో ఇప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడుతున్నారు.

ఆమె గిన్నె దించి కూర్చోబోతుండగా మనవరాలు జాహ్నవి స్పూనుతో గ్లాసు మీద టంగుమని కొట్టింది. వంగుతున్న మోకాలు చటుక్కున నిటారుగా అయిపోయింది.

“చూశావా నాన్నా! నానమ్మకి నేనే రిమోట్!”

దొరబాబు నవ్వాడు. పేర్రాజు నవ్వాడు. నవ్వకూడదనుకుంటూనే మాణిక్యాంబ కూడా నవ్వింది. ప్రసూన కూతురి చేతిలోంచి స్పూను లాక్కుని కసిరింది గానీ, అంతలో ల్యాబ్ నుంచి ఫోనొచ్చి లేచి వెళ్లిపోయింది. ఆమె తిన్న కంచం ఎవరు తీశారో చెప్పక్కర్లేదు.

*

దానికి ‘తోడుకాలు’ అని పేరు పెట్టింది ప్రసూనే. ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలో ప్రొఫెసర్ వామనమూర్తి దగ్గర ఆమె పనిచేస్తోంది. మనిషి లేవాలనుకోగానే, ఆ సంగతి మనసుకి పూర్తిగా తెలిసేలోపే తొడకండ బిగుసుకుంటుంది. చచ్చుబడ్డ కాల్లోనూ బిగుస్తుంది. కాలెత్తే బలం లేక అక్కడే ఆగిపోతుంది. తోడుకాలు ఆ బిగువుని పట్టుకుని మిగతా పని తాను చేస్తుంది. ఊరికే వణికినదానికల్లా లేచి మనిషిని పడెయ్యకుండా, దానికో చిన్న తెలివి కూడా పెట్టారు. గట్టిగా వచ్చే పిలుపుని గుర్తుపెట్టుకుని ఇంకా త్వరగా అందుకుంటుంది. బలహీనంగా వచ్చినదాన్ని పట్టించుకోదు.

వయసు మళ్లిన, కాళ్లు సరిగా లేని కొందరు ఆడవాళ్లకు దాన్ని తొడిగి ఇంటికి పంపారు. “ఏమీ మార్చకండి. ఇంట్లో ఎప్పుడూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. అదే నేర్చుకుంటుంది,” అని చెప్పి పంపారు. మాణిక్యాంబ ఇంట్లో కూడా ఎవరూ ఏమీ మార్చలేదు.

కాకపోతే ఒకటి మారింది. తోడుకాలు రాకముందు పేర్రాజు తన కంచం తనే కడుక్కునేవాడు. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్నించీ మజ్జిగ తనే ఒంపుకునేవాడు. దొరబాబు రొయ్యల మేత ఏజెన్సీ నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా అన్నం గిన్నె తనే తెచ్చుకునేవాడు. ‘పాపం, దానికి కాలు లేదు కదా’ అనేవారు. అనకపోయినా ఆ మాట ఇంట్లో తిరుగుతూ ఉండేది. తోడుకాలు వచ్చాక ఆ జాలి పోయింది. దాని చోట్లోకి ఇంకేదీ రాలేదు.

మాణిక్యాంబ మొదట్లో సంతోషించింది. ఆ మాట అబద్ధం కాదు. గిన్నె కింద పడకుండా వంటిల్లు దాటినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె చేతికర్రని దొరబాబు అటకమీదకి విసిరేసి, “ఇంకా ఈ దరిద్రం ఎందుకమ్మా,” అన్నప్పుడు కొడుకు తన కష్టం తీసి అటకెక్కించాడనే అనుకుంది.

*

మాణిక్యాంబకి ఒకే ఒక్క షికారు ఉండేది. వీధి చివర మలుపు తిరిగితే ఉప్పుటేరు, దాని ఒడ్డున ఒక సిమెంటు బెంచీ. అక్కడ జైనబ్బీ కూర్చుంటుంది. కాళ్లకి కసరత్తు చేయించే ఆస్పత్రిలో పరిచయమైన మనిషి. తుంటి విరిగి సరిగా అతకలేదు. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఒంటిగది ఇంట్లో జాకెట్లు కుడుతూ బతుకుతుంది. వారానికోసారి మాణిక్యాంబ కర్ర పట్టుకుని, చెయ్యి మోకాలికి మోపుతూ, దారిలో రెండు మూడు అరుగుల మీద ఆయాసం తీర్చుకుంటూ అక్కడికి చేరేది. ఇద్దరూ పడవలు చూస్తూ లోకాన్నంతా తిట్టుకునేవారు. తిరిగొచ్చేసరికి కాలు పోట్లు పెట్టినా మనసు తేలిగ్గా ఉండేది.

తోడుకాలు వచ్చాక ఆమె ఒక్కసారి కూడా బెంచీ దాకా వెళ్లలేదు.

వెళ్దామని రోజూ అనుకుంది. ఆ సాయంత్రం కూడా తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, గేటు దాకా వచ్చింది. అంతవరకూ బాగానే వచ్చింది. పాలవాడు బెల్లు కొట్టినప్పుడల్లా వచ్చే దారే కదా. గేటు తీసి వీధిలోకి అడుగెయ్యబోయింది. పట్టీలో రొద ఆగిపోయింది. కాలు కొయ్యలా నిలబడింది.

“పదవే,” అంది నెమ్మదిగా. గేటు ఊచ పట్టుకుని ఒళ్లంతా ముందుకు తోసింది. కుడికాలు వీధిలో, ఎడమకాలు ఇంట్లో. ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఆవిడ పలకరించింది.

“ఏంటి పిన్నిగారూ, అక్కడ నిలబడిపోయారు? బేటరీ అయిపోయిందా?”

“ఆయ్, అయిపోయిందమ్మా.”

లోపల్నించి పేర్రాజు గొంతు వినిపించింది. “ఏమేవ్, కాఫీ పెట్టావా లేదా?”

కొయ్యలా ఉన్న కాలు మెత్తగా, ఎంతో మర్యాదగా వెనక్కి తిరిగింది. మాణిక్యాంబ ఇంకా గేటు ఊచ పట్టుకునే ఉంది. చెయ్యి వదలకపోతే పడిపోతుంది. వదిలింది.

*

“రిపేరేం లేదు అత్తయ్యా. పదండి, ఒకసారి చూద్దాం,” అని ప్రసూన ఆమెని ల్యాబ్‌కి తీసుకెళ్లింది.

జైనబ్బీ అప్పటికే అక్కడ ఉంది. ఆమె కాలికీ ఒక పట్టీ. మాణిక్యాంబని చూడగానే మొహం తిప్పుకుంది.

“పెద్దింటావిడ వచ్చింది. బెంచీ మీద నేను చచ్చి ఎండిపోయినా చూడ్డానికి రావు.”

“రావడం లేదే ఈ కాలు. గేటు దగ్గర మొరాయిస్తోంది.”

“నాది మొరాయించదే! పొద్దున్న మార్కెట్టు, సాయంత్రం ఏరు, తీసుకుపొమ్మన్న చోటల్లా తీసుకుపోతుంది. ఇంట్లోనే కదలదు. దానికీ తెలుసు, కుట్టుమిషను వేపు తీసికెళ్తే తిడతానని.”

ఇద్దరూ నవ్వుకున్నారు. వామనమూర్తి వచ్చి తెరమీద గీతలు చూపిస్తూ, “మాణిక్యాంబగారూ, అందరికంటే ఎక్కువ నడుస్తున్నది మీరేనండీ. జైనబ్‌గారు చాలా వెనకబడ్డారు,” అన్నాడు మెచ్చుకోలుగా.

“మూడడుగులడిగినాయన పేరు పెట్టుకున్నారు, మీకు అడుగుల లెక్క కాక ఇంకేం పడుతుంది లెండి,” అంది జైనబ్బీ.

ప్రసూన అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి తొడకి తీగలు అంటించింది. “అత్తయ్యా, ఆ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. చూద్దామని లేవండి.”

మాణిక్యాంబ కిటికీ వైపు చూసింది. నిజంగానే చూడాలనిపించింది. తెరమీద గీత పడుకున్న పాములా కదల్లేదు. ఎక్కడో ఒకచోట చిన్న వణుకు. దాన్ని తోడుకాలు లెక్కలోకి తీసుకోలేదు.

“ఇంకోసారి.”

ఇంకోసారీ అంతే. మాణిక్యాంబకి ఉన్నట్టుండి అమ్మ గుర్తొచ్చింది. ఇంటికి ఎవరైనా వస్తే, ‘నువ్వు లోపలికెళ్లి కూర్చోవే’ అనేది. వీధిలో పిల్లలు ఆడుతుంటే గుమ్మం దాకా వెళ్లి తొంగిచూస్తే, ‘ఎక్కడికే? నలుగురూ నవ్వడానికా?’ అనేది. అమ్మ ముద్దుగానే అనేది. ఆ ముద్దుకే ఆ తొడ, ఏదైనా కావాలనిపించినప్పుడు బిగుసుకోకూడదని నేర్చుకుంది.

ప్రసూన జాహ్నవి చేత ఇంటి శబ్దాలు రికార్డు చేయించి ఫోనులో తెచ్చింది. వాటిని ఒక్కొక్కటే వినిపించింది. కుక్కరు కూత. గీత లేచింది. గ్లాసు మీద స్పూను. లేచింది. పేర్రాజు దగ్గు. గీత తెర పైఅంచు దాకా ఎగిరింది, కాలు కుర్చీలోంచి తన్నుకొచ్చింది.

“అబ్బ, ఎంత మంచి సిగ్నలో!” అన్నాడు వామనమూర్తి.

“ఇది కోరిక కాదు సార్. ఉలికిపాటు,” అంది ప్రసూన. “లేవాలని లేవడం వేరు, ఎవరో లేపితే లేవడం వేరు. మనం రెండింటికీ ఒకే పేరు పెట్టేశాం.”

“కండ బిగుసుకుంది, అడుగు పడింది. ఎందుకు పడింది, ఎవరికోసం పడింది అనేది మన ప్రశ్న కాదమ్మా. నిధులు మంజూరు చేసేవాళ్లు అడిగేది నడిచారా లేదా అని. ఇందులో అందరూ నడిచారు.”

ఆయన పక్కగదిలోకి వెళ్లాక ప్రసూన కంగారుగా అంది. “మీరేం దిగులుపడకండి అత్తయ్యా. మావయ్య దగ్గు దీనికి వినపడకుండా ఏదో ఒకటి చేస్తాను.”

అనేసి తనే ఆగిపోయింది. అది అసాధ్యమని ఆమెకి తెలుసు. పట్టీ మీద చెయ్యి పెట్టి మెల్లగా అంది.

“దీనికి చెవుల్లేవు అత్తయ్యా. వినేది మీరే.”

ఫోనులో రికార్డు ఇంకా నడుస్తూనే ఉంది. చివర్లో ఉన్న శబ్దం దానంతటదే మొదలైంది. ఇంటి ముందు స్కూటరు ఆగిన చప్పుడు, రెండుసార్లు హారను. తెరమీద గీత పేర్రాజు దగ్గుని మించి ఎగిరింది. మాణిక్యాంబ కుర్చీలోంచి పూర్తిగా లేచి నిలబడిపోయింది.

ఆ స్కూటరు ప్రసూనది. ల్యాబ్ నుంచి రోజూ వచ్చే వేళకి ఆ హారను మోగుతుంది. గేటు తీసి ఉంటుంది, టీ వేడిగా ఉంటుంది, జాహ్నవి హోంవర్కు అయిపోయి ఉంటుంది. అవన్నీ ఎలా జరుగుతున్నాయో ప్రసూన ఎప్పుడూ ఆలోచించలేదు.

జైనబ్బీ తెరవంక చూసి, ప్రసూన వంక చూసి, పమిట సర్దుకుంది. “ముసలాయన్ని ఆడిపోసుకున్నారు పాపం,” అంది.

*

తిరిగొచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చున్న అత్తగారితో ప్రసూన తల తిప్పకుండా మాట్లాడింది.

“ఇది మారాలంటే ఒకటే దారి అత్తయ్యా. వంటింటివైపు వేసిన ప్రతి అడుగూ దీని అలవాటుని ఇంకా గట్టి చేస్తుంది. కొన్నాళ్లు ఇంట్లో ఎవరి పిలుపుకీ ఇది కదలకూడదు. మీకోసం మీరు అనుకున్నదానికే కదలాలి. అప్పుడు మీ వణుకు దీనికి మెల్లగా అందుతుంది.”

“అలాగే చేద్దాం.”

రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ప్రసూన అంది. “కానీ వచ్చే నెల నిధుల మీటింగు అయ్యేదాకా… అప్పటిదాకా మాత్రం ఇంట్లో వేసుకోండి అత్తయ్యా. మీ అడుగులు తగ్గితే మొత్తం ప్రాజెక్టే ఆగిపోతుంది. నా ఉద్యోగం పర్మనెంటు కావడం కూడా దానిమీదే ఉంది. ఈ కొన్నాళ్లే. ప్లీజ్.”

మాణిక్యాంబకి తొడలో బిగువు తెలిసింది. స్కూటరు మీద కూర్చుని ఉన్నా, ఆ ‘ప్లీజ్’ అన్న మాటకి కాలు లేవబోయింది. కోడలి భుజం మీద వేసిన చెయ్యి తీసి మోకాలి మీద అదిమి పెట్టుకుంది. రైలు వెళ్లిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక, మాణిక్యాంబ పట్టీ విప్పి చేత్తో పట్టుకుంది. గోడలు పట్టుకుంటూ, మోకాలికి చెయ్యి మోపుతూ, పాత నడకతో గేటు దాకా వచ్చింది. అలవాటు తప్పిన నడుం కలుక్కుమంది. గేటు బయట అరుగు మీద కూర్చుని, అక్కడ పట్టీ తొడుక్కుంది. లేవలేదు. ఊరికే వీధి చివరి మలుపు వంక చూస్తూ, వెళ్లాలి, వెళ్లాలి అనుకుంటూ కూర్చుంది. ఏమీ జరగలేదు. విప్పేసి లోపలికొచ్చి మామూలుగా తొడుక్కుని కాఫీలు పెట్టింది.

ఆ మరునాడూ అంతే. ఆ తరవాత ఒకరోజు పట్టీ చిన్నగా గొణిగింది. ఇంకో రోజు, బెంచీ మీద జైనబ్బీ తనని తిడుతూ కూర్చుని ఉంటుందని తలచుకుంది. నవ్వొచ్చింది. నవ్వులోనే కాలు లేచింది. మాణిక్యాంబ నిలబడింది. ఎడమకాలు వీధి మట్టిలో, ఎవరూ పిలవకుండా, ఒక అడుగు వేసింది. ఇంకొక అడుగు. ఎదురింటావిడ కిటికీలోంచి చూస్తోంది. చూడనీ.

“ఏమేవ్! ఎక్కడ చచ్చావ్? మంచినీళ్లు!”

వీధిలో ఉన్న కాలు గిర్రున తిరిగింది. ఒళ్లు తిరగలేదు. మాణిక్యాంబ మట్టిలో పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. పడ్డదాన్ని ఆ కాలు అలా వదిలెయ్యలేదు. మోకాలు మడిచి, లేపి, నిలబెట్టి, గేటులోంచి నడిపించుకుంటూ, వంటింట్లో బిందె ముందు నిలబెట్టింది.

ఆమె నీళ్లు ముంచి ఇచ్చింది. పేర్రాజు తాగి, గ్లాసు అందిస్తూ ఆమె మోచేతిని చూశాడు.

“అదేంటి, రక్తం?”

“పడ్డాను.”

“అంత ఖరీదైన కాలు పెట్టుకుని కూడా పడతావేంటే,” అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

*

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మాణిక్యాంబ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. అన్నం, పప్పు, పులుసు, మజ్జిగ, ఉప్పు జాడీ, నీళ్ల బిందె సైతం వంటింట్లోనే ఉన్నాయి. బల్లమీద ఖాళీ కంచాలు మాత్రమే ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి కూర్చుని, ఎదురుచూశారు.

పేర్రాజు దగ్గాడు.

ఏమీ జరగలేదు. మళ్లీ దగ్గాడు, ఈసారి కాస్త గట్టిగా. జాహ్నవి గ్లాసు మీద టంగుమనిపించి, బల్ల కిందకి వంగి చూసింది.

“నానమ్మ కాలికి రోబో లేదు!”

“ఏదమ్మా అది?” అన్నాడు దొరబాబు. “పాడైందా?”

“పాడవలేదు. చెప్పుల దగ్గర పెట్టాను.”

“చెప్పుల దగ్గరా? అంత విలువైన వస్తువు…”

“అది చెప్పులాంటిదేరా. వీధిలోకి వెళ్లడానికి. చెప్పులేసుకుని ఇంట్లో ఎవరైనా తిరుగుతారా?” గొంతు పెంచలేదు ఆమె. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో అడిగినట్టు అంది. “రేపట్నించీ దాన్ని గేటు బయటే తొడుక్కుంటాను, గేటు బయటే విప్పుతాను. గడప లోపల వేసుకోను. ఇంట్లో నా అవసరానికి నా కర్ర చాలు. అటకమీంచి దించు.”

“మరి ఇంట్లో పనులో?” అన్నాడు పేర్రాజు.

“నాకు కాలు లేనప్పుడు ఎలా జరిగేవో అలా.”

“ఇదంతా నీ మెషీన్ తెచ్చిన తంటా,” అని పేర్రాజు కోడలి మీదికి తిరిగాడు. “నేర్పించు ఇంకా!”

ప్రసూన అత్తగారి వంకే చూస్తోంది. “మీటింగు, అత్తయ్యా…” అంది. ఆమెకి తప్ప ఇంకెవరికీ వినపడనంత చిన్నగా.

“మీ ప్రొఫెసరుగారికి చెప్పు. మాణిక్యాంబ నడక తగ్గిందని రాసుకోమను. నాకేం అభ్యంతరం లేదు.” కోడలి వైపు తిరిగింది. “నిన్ను తిట్టడం లేదమ్మా. నీ స్కూటరు చప్పుడు వింటే నాకు ఇష్టమే. కానీ గేటు నువ్వే తీసుకో.”

ఎవరూ లేవలేదు. వంటింట్లో పులుసు చల్లారుతోంది. పేర్రాజుకి ఈసారి నిజంగానే దగ్గొచ్చింది, ఆపుకోలేక దగ్గాడు. చీర కింద చచ్చుబడిన తొడ గిలగిల కొట్టుకుంది. ఆ సంగతి మాణిక్యాంబకి ఒక్కదానికే తెలిసింది. ఏడుస్తున్న పిల్లని జోకొట్టినట్టు దాని మీద చెయ్యి వేసి ఉంచింది.

“సాయంత్రాలు నేను ఇంట్లో ఉండను,” అంది. “ఏటి ఒడ్డుకి వెళ్తాను. చేరడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలీదు. ఆ వేళప్పుడు నన్నెవరూ పిలవకండి.”